పంపని సవరణ

ఈ ఆదివారం మా బిలాస్‌పూర్ తెలుగు సంఘం గదిలో పిల్లల పాఠం జరగలేదు. రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసే మా మిత్రుడు సూర్యారావు ముందురోజు అక్కడి కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలు చూపించే, ఎవరైనా దిద్దుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేశాడు. దాంతో తెర మీద ఒత్తులన్నీ అక్షరాల కింది నుంచి పక్కకు జారిపోయాయి. కిందటేడు ఇదే లోపాన్ని అతనే ప్రోగ్రామ్‌లో సరిచేశాడు. పాత డిస్క్ చెరిపేసినప్పుడు అందులో దాచుకున్న ఆ సవరణా పోయింది.

పుణేలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే అతని మేనకోడలు సెలవుకు వచ్చి ఉంది.

"అచ్ఛా, అప్పుడు చేసింది ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళకి పంపలేదా మామయ్యా?"

"బిలాస్‌పూర్‌లో ఎవుడో రాసింది ఆళ్ళకేటి పనికొస్తాదని ఊరుకున్నాను."

"మా కంపెనీ అన్నీ పంపేస్తాది. పుణ్యానికి కాదు, అప్నే మత్లబ్ కే లియే, మా లాభానికే. మనం దిద్దింది అసలు దాంట్లో కలిసిపోతే, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మళ్ళీ దిద్దుకోనక్కర్లేదు కదా."

సూర్యారావు మళ్ళీ రాయబోయాడు. ఎక్కడ ఏం మార్చాడో గుర్తు రాలేదు. పిల్లలు కాసేపు చూసి, హిందీలో కబుర్లాడుకుంటూ వెళ్ళిపోయారు. వాళ్ళను తెలుగు చదవడానికి రప్పించేది ఆ కంప్యూటర్ ఒక్కటే. వచ్చేవారం ఎందరు వస్తారో తెలియదు.

అతను అప్పుడే పంపి ఉంటే, ఇలాంటి గదులున్న మిగతా ఊళ్ళ వాళ్ళకూ ఈ తిప్పలు తప్పేవి. ఆ దిద్దుబాటు ఇది చదివే మీలో ఎవరైనా చేసి ఉంటే చెప్పండి. మీరూ పంపకుండా ఊరుకున్నారేమోనని నా అనుమానం.