మద్దిలేటి పట్టు

గద్వాల కోట వెనకున్న వీధిలో సాలె వెంకట్రాములుకు రెండు మగ్గాలుండేవి. ఒకదాని మీద ఆయన, రెండోదాని మీద కొడుకు మద్దిలేటి, పట్టు చీరలు నేసేవారు. మద్దిలేటికి మరో లోకం ఉండేది. తెల్లారకముందే లేచి ఉస్తాదు ఖాసిం సాబ్ కుస్తీ తాలీంకు పోయి, నూనె కలిపిన ఎర్రమట్టిలో ఒళ్లు అలిసేదాకా కుస్తీ పట్టి, స్నానం చేసి వచ్చి మగ్గం గుంటలో కాళ్లు పెట్టేవాడు. పంతొమ్మిది వందల ముప్పైల మొదట్లో, అతనికి పెళ్లయిన కొత్తలో, ఈ రెండు లోకాలకూ పొసగకుండా పోయింది.

కారణం అతని అరచేతులే. మట్టిలో పొర్లి, గద తిప్పి అవి గరుకు తేలాయి. పట్టు పోగును తాకితే చాలు, పోగు రేగేది. ఒకరోజు వెంకట్రాములు మగ్గం మీదున్న చీరను వెలుగులోకి లాగి, నూగు లేచిన చోటల్లా వేలు పెట్టి చూపించాడు.

"గీ చేతులతోటి నువ్వు నేసేది చీర గాదు, గోనెపట్ట. తాలీమన్న ఇడువు, మగ్గమన్న ఇడువు," అన్నాడు.

మద్దిలేటి ఎక్కువసేపు ఆలోచించలేదు. కుస్తీతోనే బతుకుతానన్నాడు. తమ కులంలో ఆ పని చేసి బతికినవాడు ఎవడున్నాడని తండ్రి అడిగితే, తననే చూడమన్నాడు. తాలీంలో తనను పడగొట్టేవాడు లేడని అతనికి తెలుసు. తెలిసిన సంగతిని దాచుకోవడం అతనికి చేతకాదు.

మామకూ మొగుడికీ మధ్య మాట తెగకుండా కాపాడింది మద్దిలేటి భార్య బాలనాగమ్మ. అప్పటిదాకా ఆమె పని కండెలు చుట్టడం, దువ్వెనలాంటి అచ్చుకు పోగులు అతకడం. ఆ ఇంట్లో ఆడవాళ్లు గుంటలో దిగి, పోగును అటూ ఇటూ నడిపే నాడె విసిరిన రోజు లేదు. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి మామ ముందు నిలబడింది.

"ఆయన బరిల దిగనియ్యి మామా. గుంటల నేను కూసుంట. నా చేతులకు పోగు లేవదు."

వీధిలో వారం పాటు అదే ముచ్చట. తర్వాత ఆమె నేసిన మొదటి చీర అంచు చూసి వెంకట్రాములు ఇంకో చీరకు పట్టు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆయన మెచ్చుకోలు అదే.

ఆ ఏడు మల్దకల్ తిమ్మప్ప జాతరలో మద్దిలేటి వెండి కడియం గెలిచాడు. ఆపైన అలంపూర్, రాయచూర్, కర్నూలు, ఎక్కడ జాతర జరిగితే అక్కడ అతని డప్పు మోగింది. గెలిచిన పహిల్వానుకు ఊరి పెద్దలు పాగా చుట్టి, జొన్నలు కొలిచి పంపేవారు. బరి మధ్యకు వచ్చి తొడ చరిచి, చుట్టూ ఉన్న జనం వైపు నింపాదిగా చూడటం అతని అలవాటు. గర్వం అనేవారు కొందరు. ఉన్నదే కదా అనేవాడు అతను.

వనపర్తిలో దసరా కుస్తీలకు పిలుపు వచ్చినప్పుడు కృష్ణ నిండుగా పారుతోంది. బీచుపల్లి ఆంజనేయునికి టెంకాయ కొట్టి, పుట్టిలో ఏరు దాటి వెళ్లాడు. అక్కడ అతనికి ఎదురు నిలిచినవాడు నాగర్‌కర్నూల్ తుకారాం. బండి ఇరుసు లాంటి మెడ, మాట తక్కువ. ఆ కుస్తీలో తుకారాం ఎత్తి వేసిన వేటుకు మద్దిలేటి కుడి భుజం కీలు తప్పింది.

అతన్ని బరిలోంచి లేపి, ఎముకలు సరిచేసే వైద్యుని ఇంటికి మోసుకుపోయింది తుకారామే. కట్టు కట్టేదాకా పక్కనే కూర్చుని, బండి మాట్లాడి ఏటి దాకా దిగబెట్టి పోయాడు.

భుజం అతికింది గానీ చెయ్యి తలకంటే పైకి లేవలేదు. ఇక మగ్గమే గతి అన్నారు చూడవచ్చినవాళ్లు. నవ్వాడు మద్దిలేటి. ఆ చేతితో నాడె కూడా విసరలేడు. ఖాసిం సాబ్ ఒక్క మాటే అడిగాడట, చెయ్యి కాకుండా నీకింకా ఏమున్నాయని. ఏళ్ల తరబడి మగ్గం పలకలు తొక్కిన కాళ్లున్నాయి. మరుసటి వానాకాలమంతా అతను వంగి, నేలకు దగ్గరగా కుస్తీ పట్టడం నేర్చుకున్నాడు. ఎదుటివాడి మడమకు కాలు మెలివేసి లాగే పట్టును అరిగిపోయేదాకా సాధన చేశాడు.

ఆ కార్తీకంలో కురుమూర్తి జాతరలో మళ్లీ తుకారాం ఎదురయ్యాడు. భుజం పట్టు, భుజం పట్టు అని జనం అరుస్తున్నారు. తుకారాం మాత్రం కుడివైపుకు చెయ్యే చాపడం లేదు. ఎడమవైపే తిరుగుతున్నాడు. అది జాలి అని అర్థమై మద్దిలేటికి ఒళ్లు మండింది. వెనక్కి జరిగి నిలబడ్డాడు.

"నా కుడి భుజం పట్టు తుకారామన్నా. గది ఇడ్సిపెట్టి ఆడితె గెలిచినా నాది గాదు, ఓడినా నీది గాదు."

తుకారాం అతని కళ్లలోకి చూశాడు. అప్పుడు రెండు చేతులతో ఆ భుజాన్ని పట్టి బరువంతా వేశాడు. మద్దిలేటికి కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. అయినా ఆ బరువు తన మీదికి వచ్చేదాకా ఓర్చి, ఒక్కసారిగా మోకాలి మీద కిందికి జారి, కాలితో మడమను మెలివేశాడు. తుకారాం వీపు మట్టికి ఆనేలా వెల్లకిలా పడ్డాడు.

లేచి మట్టి దులుపుకుంటూ తుకారాం నవ్వాడు. "భుజమిచ్చి నా ఈపు తీసుకున్నవ్. మంచిగ బేరం చేసినవ్ తమ్మీ."

అప్పటి నుంచి ఇద్దరూ కలిసే తిరిగారు. ఒకే బండి, ఒకే సద్దిమూట. ఏ జాతరలోనైనా చివరి కుస్తీ తమ మధ్యే మిగిలితే, ఆ పూట మాత్రం విడివిడిగా తినేవారు.

మద్దిలేటి చివరిసారి బరిలో దిగింది అచ్చంపేటలో, నలభైల నడిమిట్లో. కొల్లాపూర్ నుంచి వచ్చిన పెద్దన్న అనే పడుచు పహిల్వాన్ అతన్ని నికరంగా ఓడించాడు. మద్దిలేటి లేచి, పెద్దలు గెలుపు ప్రకటించకముందే తన పాగా తీసి ఆ కుర్రవాడి తలకు చుట్టాడు.

"మంచిగ ఆడినవ్. గని ఎడమ మోచెయ్యి జర ఎడంగ పెడ్తున్నవ్. పదేండ్ల కింద దొరికితె నిన్ను గాడనే పడేస్తుంటి," అని చెప్పి, తుకారాం పరిచిన విస్తరి ముందు కూర్చుని ఆకలిగా జొన్నరొట్టె విరిచాడు.