కాలరు లోపలి మాట

సూదిలో దారం ఎక్కించడానికని కొన్న కళ్లద్దాలు టైలరమ్మకు అక్షరాలను కూడా తిరిగి తెచ్చిపెట్టాయి. పెళ్లితో ఆగిపోయిన చదవడం ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ మొదలైంది. బాబిన్‌కు దారం నిండేలోపు ఒడిలోని నవలలో రెండు వాక్యాలు చదివేది. కొన్నాళ్లకు రాయాలనీ అనిపించింది. కాలరు నిలబడడానికి లోపల పెట్టే బక్రం ముక్క మీద పెన్సిలుతో ఒక మాట రాసి, మూసి కుట్టేసేది. ఎవరూ చూడరని ధైర్యం. "ఇంకొక్క ఫిర్యాదొస్తే నీ మిషను వేరేవాళ్లకిస్తా వదినా" అని కొట్టు యజమాని అప్పటికే హెచ్చరించి ఉన్నాడు.

ఇవాళ ఒకాయన తెల్లచొక్కా తెచ్చి బల్ల మీద విసిరాడు. "ఇది కాలరా, పలుపా? మెడ కోసేస్తోంది."

"నేను విప్పుతానండీ" అని ఆమె లేచేలోపే యజమాని బ్లేడు అందుకున్నాడు. ఒక్కొక్క కుట్టూ తెగుతుంటే, ఆగి ఉన్న మిషను పెడల్ మీద ఆమె పాదం బిగుసుకుపోయింది. బక్రం బయటపడింది. 'ఇది తొడుక్కున్న మనిషి ఇవాళ ఎవరినీ కసురుకోకుండా ఉంటే బాగుండు.' యజమాని చదివాడు. ఎదుటి మనిషి వంక ఒకసారి చూసి, ముక్కను జేబులో పెట్టుకున్నాడు. "సాయంత్రానికి సరిచేసిస్తాం సార్."

ఆయన మెట్లు దిగాక గొంతు తగ్గించి అన్నాడు: "పెన్సిలు మరక తెల్లగుడ్డ మీదికి దిగుతుంది వదినా. ముదురు రంగు చొక్కాల్లో రాసుకో."