సుంకమ్మ వేయించిన వేలిముద్రలు

పత్తికొండ దగ్గరి నూలు మిల్లులో సుంకమ్మ ఇరవై రెండేళ్లు పనిచేసింది. తెగిన దారాన్ని ఆమె అతికించినంత వేగంగా ఆ మిల్లులో ఎవరూ అతికించలేరు. అయినా యజమాని శివప్రసాద్ ఆమెతో మాట్లాడింది రెండు మూడుసార్లే.

మిల్లు నష్టాల్లో పడింది. ఐదు నెలల జీతాలు ఆగిపోయాయి, గేటుకు తాళం పడింది. ఒక మధ్యాహ్నం శివప్రసాద్ కారు సుంకమ్మ వీధిలో ఆగింది. ఆయన చాప మీదే కూర్చుని, అడిగి మరీ మజ్జిగ తాగాడు.

"అక్కా, సర్కారు ఆదుకుంటే మిల్లు నిలబడతాది. నేను అడిగితే జోబు నింపుకుంటాండాడంటారు. మీరు అడగాల."

"మిల్లు ఆడితే మా జీతాలు ఇస్తావా సామీ?"

"ముందు మీయే అక్కా. నా బిడ్డల మీద ఒట్టు."

సుంకమ్మ నమ్మింది. ఆయన పంపిన అర్జీ పట్టుకుని ఇంటింటికీ తిరిగి, రెండు వందల పదిమంది చేత సంతకాలు, వేలిముద్రలు వేయించింది. కర్నూలులో కలెక్టరాఫీసు ముందు పంతొమ్మిది రోజులు ఎండలో కూర్చున్నారు. హనుమన్న అనే ముసలి కార్మికుడు సొమ్మసిల్లి పడిపోయి కూడా, తలకు తడిగుడ్డ చుట్టుకుని మళ్లీ వచ్చి కూర్చున్నాడు. చివరికి ప్రభుత్వం సాయం మంజూరు చేసింది. గేటు తెరిచిన రోజు శివప్రసాద్ సుంకమ్మ చేతనే కొబ్బరికాయ కొట్టించాడు.

మిల్లు నలభై రోజులు ఆడింది. ఆ మరుసటి పొద్దున పనికి వెళ్లినవాళ్ల కళ్ల ముందే యంత్రాలు లారీలకెక్కాయి. ప్రభుత్వమిచ్చిన డబ్బు బ్యాంకు అప్పుకు పోయింది. యంత్రాల మీదున్న తాకట్టు విడిపోగానే యజమాని వాటిని అమ్మేశాడు.

సుంకమ్మ బస్సెక్కి కర్నూలులో ఆయన ఇంటికి వెళ్లింది. కూర్చోమని కూడా అనకుండా ఆయన అర్జీ నకలు చూపించాడు.

"మిల్లు లాభాల్లోకి వచ్చేదాకా పాత జీతాలు అడిగేది లేదని మీరే రాసిచ్చినారు, సూడు."

"నాకు సదువు రాదని నీకు తెలుసు గదా! అక్కా అని పిలిచి, మజ్జిగ తాగి, ఇది రాయిస్తివా?"

ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

ఊరికి తిరిగొచ్చిన సుంకమ్మ ముద్రలు వేయించిన ఇళ్లన్నింటికీ మళ్లీ వెళ్లింది. "అందులో ఏముండాదో తెలుసుకోకుండా మీ చేత ఏయించినా. తప్పు నాది," అని చెప్పింది. కొందరు తలుపే తీయలేదు.

"నీ మాట మీద గదమ్మా ఎండలో కూర్చుంటిమి," అని హనుమన్న మొహం తిప్పుకున్నాడు. కర్నూలులో రాని ఏడుపు ఆమెకు అక్కడ వచ్చింది.

ముప్పై ఒక్కమంది మాత్రం ఆమె వెంట లేబరాఫీసుకు నడిచారు. పాత జీతాల కోసం అక్కడ వేసిన కేసు నడుస్తూనే ఉంది. సుంకమ్మ ఇప్పుడు టమాటా మార్కెట్లో కాయలు ఏరుతుంది. మునిగిపోయే మిల్లులకు సర్కారు దుడ్లు ఇయ్యొచ్చా అని అక్కడెవరో అడిగారు.

"ఇయ్యాలప్పా. మూతబడితే మేం యాడికి పోవాల? కానీ ఇచ్చేముందు మమ్మల్ని పిలిచి, కాగితంలో ఏం రాసినారో సదివి చెప్పాల. మేం ఎండలో కూర్చున్నప్పుడు శానామంది ఆఫీసర్లు వచ్చిరి. ఒక్కరూ సదవలేదు."

పోయిన వాయిదాకు ఆమెతో కలిపి నలుగురే వెళ్లారు.