మౌంట్ ఆల్బర్ట్‌లో సారా బట్టీ

మా నాన్న ఆక్లాండ్‌కు వచ్చేనాటికి, మౌంట్ ఆల్బర్ట్ పేటలోని నా ఇంటి గ్యారేజీలో సారా బట్టీ దాదాపు తయారై ఉంది. చట్టప్రకారం ఇందులో తప్పేమీ లేదు. న్యూజిలాండ్‌లో ఎవరి ఇంట్లో వాళ్లు, తమ వరకూ తాగడానికి సారా కాచుకోవచ్చు. అమ్మకూడదు, అంతే. నా ఇబ్బంది చట్టంతో కాదు, నాన్నతో. ఆయన తెలంగాణలో ఎక్సైజ్ కానిస్టేబుల్‌గా చేరి, ఎస్సైగా రిటైరైన మనిషి.

నా చిన్నతనమంతా మా ఇంటి దండెం మీద ఆరేసిన ఖాకీ చొక్కాల్లోంచి పులిసిన బెల్లం ఊట వాసన వచ్చేది. పొద్దున్నే జీపెక్కి గుట్టల్లోకి పోయి, గుడుంబా బట్టీలు పగలగొట్టి, డ్రమ్ముల్లో ఊటంతా నేల మీద పారబోసి, మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చేవాడు. తాను మాత్రం చుక్క ముట్టి ఎరగడు. పెళ్లిళ్లలో ఆయన పందిట్లో అడుగుపెడితే వెనక వరస మగవాళ్లంతా గ్లాసులు కుర్చీల కిందికి తోసేసి, భక్తిగా సన్నాయి వినేవాళ్లు.

అలాంటి ఆయన కొడుకును నేను ఈ పనిలోకి ఎలా దిగానంటే, ఫీజోవా పళ్ల వల్ల. కోడిగుడ్డంత ఆకుపచ్చ కాయ, లోపల తియ్యటి గుజ్జు, అత్తరు లాంటి వాసన. ఎండలు తగ్గి చలి మొదలయ్యే రోజుల్లో ఆక్లాండ్‌లో ప్రతి చెట్టూ వీటిని కుప్పలుగా రాలుస్తుంది. ఎవరూ తినలేరు, పారేయడానికి మనసొప్పదు. సంచుల్లో నింపి ఒకరి గుమ్మంలో ఒకరు పెట్టి వెళ్లిపోతుంటారు. మా పక్కింటాయనకు మూడు చెట్లున్నాయి. వాటి కొమ్మల్లో సగం మా కంచె మీదికే వాలి ఉంటాయి. నా భార్య వృద్ధాశ్రమంలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి వాటితో జామ్ చేసింది, పచ్చడి చేసింది, ఒకసారి పప్పులో కూడా వేసింది. ఆ పప్పు తిన్న రోజు ఇంక ఇంట్లోకి ఫీజోవా రాకూడదని తీర్మానమైంది.

పక్కింటాయన డెబ్బై దాటిన కివీ, అంటే ఇక్కడే పుట్టి పెరిగిన న్యూజిలాండ్ మనిషి. పాల ఫ్యాక్టరీల్లో స్టీలు ట్యాంకులు వెల్డింగ్ చేస్తూ జీవితమంతా గడిపాడు. భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నాడు. నా గోడు విని, పళ్లను పులియబెట్టి కాచుకుందామన్నాడు. దగ్గర్లో ఏదో క్లబ్బు మూతపడినప్పుడు కొన్న పాత బీరు కెగ్గు ఆయన షెడ్డులో ఉంది. బీరు కంపెనీల కెగ్గులు ఊరికే తెచ్చుకుంటే దొంగతనం కిందికి వస్తుందని, దీనికి మాత్రం రసీదు ఉందని నాకు రెండుసార్లు చెప్పాడు. నడుమెత్తు స్టీలు పీపా అది. ఆయన షెడ్డులో చోటు లేక దాన్ని దొర్లించుకుంటూ మా గ్యారేజీకి తెచ్చాం.

కెగ్గు మెడలోంచి అడుగుదాకా పొడుగాటి గొట్టం ఒకటి బిగించి ఉంటుంది. దాన్ని తీసే ముందు లోపలి గాలి వదలాలి. మీద తువ్వాలు కప్పి, స్క్రూడ్రైవర్‌తో మెల్లగా నొక్కమని ఆయన చెప్పాడు. నేను స్క్రూడ్రైవర్ గుర్తుపెట్టుకుని తువ్వాలు మర్చిపోయాను. ఎన్నేళ్ల నాటి బీరో, బుస్సుమని లేచి నా మొహానికీ ఛాతీకీ కొట్టి, గ్యారేజీ కప్పును తాకి మళ్లీ నా మీదే కురిసింది. సరిగ్గా అప్పుడే నా భార్య డ్యూటీకి బయలుదేరుతూ కారు కోసం తలుపు తీసింది. వాసన చూసింది. నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"ఇంకా మొదలే పెట్టలేదు కదా, అప్పుడే ఇంత తాగారా?" అని అడిగి కారెక్కి వెళ్లిపోయింది.

ఆ తరవాత పని మాత్రం చక్కగా సాగింది. పెద్దాయన కెగ్గును కడిగించి, మెడ దగ్గర స్టీలు పట్టీ వెల్డింగ్ చేశాడు. దాని మీద రాగి గొట్టం నిలబెట్టి, దాని కొసను చుట్టలు చుట్టి చన్నీళ్ల బకెట్‌లోంచి బయటికి తీశాడు. కెగ్గులో కాగిన ఆవిరి ఆ చుట్టల్లో చల్లబడి, చుక్కలుగా దిగాలి. ఏం అడిగినా "ఏం కాదులే, సర్దుకుంటుంది" అనే ధోరణి ఆయనది. నేను నా వంతుగా ఫీజోవా గుజ్జులో చక్కెర, ఈస్టు కలిపి పులియబెట్టాను. దానికి పెద్ద డ్రమ్ము కావాలంటే గ్యారేజీ మూలన మూతతో ఉన్న తెల్లటి ప్లాస్టిక్ డ్రమ్మును మూడుసార్లు కడిగి వాడాను.

రెండు రోజుల తరవాత నాన్న దిగాడు. అమ్మ మా చెల్లెలి పురిటి కోసం ఆగిపోయింది కాబట్టి ఒక్కడే వచ్చాడు. కెగ్గు మీద పాత దుప్పటి కప్పి, ఆయన్ను గ్యారేజీ వైపు రానివ్వకుండా మూడు రోజులు నెట్టుకొచ్చాను. నాలుగో రోజు పొద్దున నేను చెత్త డబ్బా రోడ్డు మీద పెట్టి తిరిగొచ్చేసరికి, మంకీ క్యాప్ పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, గ్యారేజీ నడిమధ్యన నిలబడి ఉన్నాడు. దుప్పటి మడతపెట్టి పక్కన ఉంది.

"ఏందిరా ఇది?"

"గీజర్, నాన్నా. వేడినీళ్లకు."

ఆయన కెగ్గును వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి చూశాడు. రాగి గొట్టం వెంట వేలు పోనిస్తూ బకెట్ దాకా వెళ్లాడు. డ్రమ్ము మూత కొంచెం ఎత్తి, ముక్కు దగ్గరగా పెట్టి, మళ్లీ మూసేశాడు.

"ఊటేసి ఆరు దినాలైంది," అన్నాడు. సరిగ్గా ఆరు రోజులే అయింది.

ఇక్కడ ఇది తప్పు కాదు నాన్నా అన్నాను.

"పట్టువడ్డోడు ప్రతొక్కడు గదే అంటడు," అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. కోడలితో మాత్రం, పర్మిట్ లేకుండా కాస్తే వీసా పోతుందేమో వాడికి తెలుసా అని అడిగాడట. ఫోన్లో చట్టం చూపించబోతే, ఫోన్లో ఉన్నదంతా నమ్మే మనిషిని కాదన్నాడు. లైబ్రరీకి వెళ్లి ఆ పేజీలు ప్రింటు తీసుకొచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, ఎర్ర పెన్ను పట్టుకుని, రెండు రోజులు చదివాడు. ప్రతి వాక్యం కింద గీతలు పడ్డాయి. రెండో రోజు సాయంత్రం టీ తాగుతూ నన్ను పిలిచాడు.

"తన మందమే కాసుకోవాలె, అమ్మొద్దు అని రాసిండ్రు. మరి అమ్ముతలేడని వీళ్లకెట్ల తెలుస్తది?"

"నమ్ముతారు నాన్నా."

ఆయన కప్పులో టీ చల్లారేదాకా కిటికీలోంచి పక్కింటి వైపు చూస్తూ కూర్చున్నాడు. పెద్దాయన అటు పక్క చెట్ల కింద రాలిన పళ్లు ఏరుకుంటున్నాడు. అప్పుడు నాన్న నాకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గుట్ట మీదికి ఎండలో ఎక్కి పోతే, అక్కడ ఒక ముసలామె కోళ్ల గంప కింద రెండు కుండలు దాచుకుని ఉందట. ఈయన చెమటలు కక్కుకుంటూ రావడం చూసి, కూర్చోబెట్టి, చెంబుతో నీళ్లిచ్చిందట.

"ఆ నీళ్లు తాగి, కుండలు పలగ్గొట్టి వచ్చిన," అన్నాడు. "ఆమె గిక్కడ పుట్టుంటే, గాయన లెక్కనే పండ్లు ఏరుకుంట ఉండేది."

ఆయన కప్పు కడిగి బోర్లించి, పడుకోవడానికి వెళ్లాడు.

మరునాడు పొద్దున ప్యాంటూ చొక్కా వేసుకుని, బూట్లు తొడుక్కుని, చేతిలో నోటుబుక్కుతో గ్యారేజీకి వచ్చాడు. తనిఖీ అన్నమాట. పక్కింటాయన్ను కూడా పిలిపించాడు. వాళ్లిద్దరూ అప్పటికి కంచె మీదుగా తలలూపుకోవడమే తప్ప మాట్లాడుకోలేదు. నాన్న తన ఆఫీసు ఇంగ్లీషులో, ఇందులో సాంకేతిక విషయాలు చూసుకునే వ్యక్తి ఎవరని అడిగాడు. పెద్దాయన బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు.

అరగంటపాటు నాన్న మా బట్టీని ఉతికి ఆరేశాడు. గ్యాస్ పొయ్యి గ్యారేజీ లోపల పెట్టడమేమిటన్నాడు. ఆవిరి అంటుకుని గుడిసెలకు గుడిసెలు తగలబడ్డం, చేతులు కాలినవాళ్లను తన జీపులోనే ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆయన కళ్లతో చూశాడు. పొయ్యి బయట, పెరట్లో, ఇంటికి దూరంగా ఉండాలన్నాడు. చుక్కలు పట్టడానికి నేను పెట్టిన ప్లాస్టిక్ క్యాను తన్ని, గాజు సీసా తెమ్మన్నాడు. చివరికి పెద్దాయన గర్వంగా చూపించిన అతుకు మీద చెయ్యిపెట్టి, ఇక్కడ ఆవిరి పోతుందన్నాడు.

పోదు, నలభై ఏళ్లు వెల్డింగ్ చేశానన్నాడు పెద్దాయన. నీళ్లు పోసి కాచి చూడమన్నాడు నాన్న. కాచాం. వెల్డింగ్ దగ్గర కాదు గాని, దాని మీద గొట్టం కూర్చున్న చోట సన్నటి ఆవిరి దారంలా లేచింది. గొడవవుతుందేమోనని నేను ఇద్దరి మధ్యలోకి వెళ్లి నిలబడ్డాను. పెద్దాయన కాసేపు ఆ ఆవిరి వైపు చూసి, నువ్వన్నదే నిజమన్నాడు. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని నాన్నను అడిగాడు.

"పగలగొట్టాలంటే ముందు అది ఎలా కట్టారో తెలియాలి," అన్నాడు నాన్న, ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ.

ఆ శనివారం మధ్యాహ్నం పెరట్లో పొయ్యి వెలిగించాం. అతుకు మూయడానికి నాన్న గోధుమపిండి ముద్ద కావాలన్నాడు. ఊళ్లో అలాగే చేస్తారట. నా భార్య చపాతీలకని తడిపి పెట్టుకున్న పిండి మొత్తం గొట్టం చుట్టూ పట్టీలా చేరింది. నాన్న, పెద్దాయన చెరో కుర్చీ వేసుకుని, వియ్యంకుల్లా కెగ్గుకు అటూ ఇటూ కూర్చున్నారు. నాన్న ఎప్పుడు ఏం జరిగిందీ నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. మొదట దిగినది విషమని, తాగకూడదని ఇద్దరూ ఒకేసారి చెప్పారు. నాన్న దాన్ని కంచె పక్కన గుంట తవ్వి మరీ పారబోశాడు. పారబోసేటప్పుడు ఆయన చెయ్యి ఎంత అలవాటుగా తిరిగిందంటే, నాకు చిన్నప్పటి జీపు గుర్తొచ్చింది.

తరవాత నీళ్లలా తేటగా ధార మొదలైంది. సీసా నిండేసరికి పెద్దాయన చిన్న గ్లాసులో రెండు చుక్కలు పోసి, నీళ్లు కలిపి నోట్లో వేసుకున్నాడు. కళ్లు మూశాడు. కళ్లలోంచి నీళ్లు కారాయి. ఆ తరవాత, ఇందులో వెల్లుల్లి ఎందుకు వేశావని నన్ను అడిగాడు.

నేను వేయలేదన్నాను. రుచి చూశాను. ఫీజోవా అత్తరు వాసన వెనకాల నుంచి ఆవపిండి, దాని వెనక వెల్లుల్లి, చివర్న మెంతుల చేదు లాంటిదేదో ఘాటుగా ముక్కుకెక్కింది. నేను దగ్గుతుండగా నా భార్య డ్యూటీ నుంచి వచ్చింది. గ్లాసు వాసన చూసి, గ్యారేజీలోకి వెళ్లి, వెంటనే బయటికి వచ్చింది.

"నా తొక్కు డ్రమ్ము ఏదండీ?"

పోయిన ఎండాకాలం చర్చిలో అందరికీ పంచడానికని మామిడికాయ తొక్కు కలిపిన డ్రమ్మట అది. మూడుసార్లు కడిగానని చెప్పాను. మామిడికాయ తొక్కు మూడు కడుగులకు పోతుందని ఎవరు చెప్పారని అడిగింది. ఈ ప్రశ్నను నాన్న పెద్దాయనకు ఇంగ్లీషులో వివరించబోయి, సగంలోనే ఆగిపోయాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. బోర్లించిన బకెట్ మీద కూలబడి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, శబ్దం లేకుండా నవ్వుతున్నాడు. నాన్న అలా నవ్వడం నేను చూసిన గుర్తు లేదు. పెద్దాయన మాత్రం ఇంకో రెండు చుక్కలు పోసుకుని, జలుబుకు పనికొస్తుందని ఆ సీసా ఇంటికి పట్టుకుపోయాడు. చలికాలమంతా నిజంగానే వాడాడు.

అక్కణ్నుంచి నాన్నకు పొద్దుపోవడం సమస్య కాలేదు. వాకింగ్ అయిపోగానే కంచె దాటి పక్కింటి షెడ్డులో కూర్చునేవాడు. ఈయన ఇంగ్లీషు ఆయనకు సగం, ఆయన ఇంగ్లీషు ఈయనకు పావు అర్థమయ్యేవి. ఇద్దరికీ లోటేమీ కనిపించలేదు. ఒక ఆదివారం పెద్దాయన తనలాగే ఇంట్లో కాచుకునే నలుగురైదుగురు ముసలి మిత్రుల దగ్గరికి నాన్నను తీసుకెళ్లాడు. నేను కారు నడపడానికి వెంట వెళ్లాను. నాన్న లేచి నిలబడి, మీరందరూ కలిసి ఈ జన్మలో కాచేదానికంటే ఎక్కువ నేను నేల మీద పారబోశానని పరిచయం చేసుకున్నాడు. వాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ తరవాత గంటసేపు, మన దగ్గర బట్టీలను గడ్డివాముల్లో, బావి గోడల్లో ఎలా దాస్తారో చెబుతుంటే, వాళ్లు టీలు చల్లారబెట్టుకుని విన్నారు.

కొత్త డ్రమ్ములో పులియబెట్టిన రెండో వాయి నాన్న తిరుగు ప్రయాణానికి వారం ముందు దిగింది. ఈసారి బాగుందని పెద్దాయన నోరు తెరిచి చెప్పకుండా, గ్లాసును నాన్న ముందు పెట్టాడు. నాన్న దాన్ని ఎండకెత్తి చూశాడు. వాసన చూశాడు. చిటికెన వేలు కొస ముంచి, నాలుకకు తాకించాడు. అంతే. మొహంలో ఏమీ కనిపించలేదు.

"మంచిగనే ఉంది," అన్నాడు, నా వైపు చూడకుండా. తరవాత పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లి, చాలాసేపు నోరు పుక్కిలించి, ఈ సంగతి మీ అమ్మకు చెప్పొద్దన్నాడు.

ఆ సాయంత్రమే అమ్మ వీడియో కాల్ చేసింది. ఇన్నాళ్లూ అక్కడ నాన్నకు ఏం తోచిందిరా అని నన్ను అడిగింది. ఆయన నా పక్కనే సోఫాలో కూర్చుని, టీవీలో ఏదో గొర్రెల కార్యక్రమం చాలా శ్రద్ధగా చూస్తున్నాడు. బాగా నడిచాడమ్మా, ఆరోగ్యం కుదుటపడిందని చెప్పాను.