సగం దాచుకోని కాక

కాక పోయాడు. మొన్న పొద్దున నిర్మల్ దగ్గరి ఊరి నుంచి ఆయన కూతురు ఫోన్ చేసి, "అన్నా, బాపు పోయిండు" అంది.

ఊరి వరసకు కాక అయినా, సౌదీలో, అభాలోని మా షూటింగ్ క్లబ్బులో అందరికీ ఉస్తాదే. నాది కరెంటు పని. ఆయన పిస్తోళ్లు బాగుచేసేవాడు. పక్కనే గొర్రెల దొడ్లున్నాయి, చప్పుడుకు అవి బెదురుతాయని ఒక చిన్న పిస్తోలుకు సైలెన్సర్ బిగించారు. మహా మొండిది. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమని ఊరుకునేది. అందరూ తూటాలను తిట్టేవాళ్లు. కాక మాత్రం పేలని తూటాను తీసి, దాని అంచు మీద పడ్డ దెబ్బను గోటితో తడిమేవాడు.

"దెబ్బ గట్టిగ పడలేదురా. సైలెన్సర్ మసినంత ఎనుకకు తోస్తది. తూటా లోపటికి పూరా కూసోలే. దెబ్బంత దాన్ని నూకుడుకే పాయె."

ఖర్జూరపు మట్ట పుల్ల చెక్కి, గుడ్డ చుట్టి, తూటా కూర్చునే చోటు తుడిచేవాడు. గీతలు పడతాయని అక్కడ ఇనుము తగలనిచ్చేవాడు కాదు. ఆ తర్వాత అదే పిస్తోలు వరసగా పేలుతుంటే, అబ్బ, నేను పని మానేసి చూసేవాణ్ణి.

సౌదీ వాళ్లనే పనిలో పెట్టుకోవాలనే నితాఖత్ చట్టం వచ్చింది. బయటి దేశాల మనుషుల మీద కట్టాల్సిన రుసుములు పెరిగాయి. మా ముదీర్, అంటే మేనేజర్, ఒక సౌదీ యువకుణ్ణి పని నేర్పమని కాకకు అప్పగించాడు. అతను ఆ పిస్తోలును ఒంటరిగా బాగుచేయగలిగితే కాక ఇంటికి. చేయలేకపోతే కాకే ఉంటాడు. అప్పటికి కూతురి నర్సింగ్ చదువు సగంలో ఉంది.

గదిలో అందరం కాక మీద పడ్డాం. "ఒక్క కిటుకన్న దాసుకో కాకా! నీకేమన్న పిచ్చి లేసిందా?" అని నేనే అరిచాను.

"పిస్తోలు పట్టెటోనికి సగం చెప్పి ఇడుస్తరారా? రేపు ఎవని పానం మీదికొస్తదో ఎర్కేనా?" అన్నాడు. అన్నం కలుపుకుంటూ అన్నాడు మహానుభావుడు!

పరీక్ష రోజు పొద్దున అందరం చేరాం. పిస్తోలు టిక్కుమంది. ఆ యువకుడు కంగారుగా దాన్ని తన వైపు తిప్పుకోబోయాడు. అతను అక్కడే ఓడిపోవాలని నా మనసు ఎంత కోరుకుందో మీకు చెప్పలేను.

"శ్వయ్య, శ్వయ్య" అన్నాడు కాక మెల్లగా. నిదానం అని.

అతను ఆగాడు. గొట్టాన్ని ఇసుక దిబ్బ వైపే ఉంచి, ఆలస్యంగా పేలుతుందేమోనని కాసేపు కదలకుండా నిలబడ్డాడు. తర్వాత తూటా తీశాడు, అంచు చూశాడు, మసి తుడిచాడు, మళ్లీ కాల్చాడు. పేలింది. ముదీర్ తల ఊపాడు. కాక ఉద్యోగం పోయింది.

కాక మాత్రం, కాల్పులు ఆపారని చూసుకుని, గబగబా దిబ్బ దగ్గరికి నడిచాడు. గురి కాగితం ఊడదీసి, కొడుకు మార్కులు చూపించే తండ్రిలా మా వైపు ఎత్తి పట్టుకున్నాడు.

"సూడుండ్రి, నడుమల కొట్టిండు!"

మా వెనక నుంచి ఎండ పడుతోంది. కాగితానికి పడ్డ ఆ ఒక్క చిల్లులోంచి చిన్న వెలుగు చుక్క ఆయన చెంప మీద ఆడుతోంది. ఆయన నవ్వుతూనే ఉన్నాడు.