కణుపుల వీపు

ఇనుప ఊచను పట్టుకారులో బిగించి, దానికి అడ్డంగా చిన్న ముక్క అతుకుతోందామె. వీధిలో అందరికీ గొడుగులక్క. విరిగిన గొడుగుల్ని బాగుచేయడం తండ్రి పక్కన కూర్చుని నేర్చింది. ఈసారి చేస్తున్నది గొడుగు కాదు, ఎడఫోసారస్ వీపు. రాక్షసబల్లులకన్నా ముందే పుట్టి, ఆకులలములు తిని బతికి, అంతరించిపోయిన జంతువది. వెన్ను మీద పొడుగాటి ముళ్లు, వాటి మధ్య తెరచాపలా చర్మం. ఆ ముళ్లకు చెరుకు కణుపుల్లా పొడుచుకొచ్చిన బొడిపెలే దాని గుర్తు.

మ్యూజియం వాళ్లు దాని నమూనాలో మిగతా ఒళ్లంతా వేరేచోట చేయించి, వీపు ఆమెకిచ్చారు. సోమవారం ప్రదర్శన గది తెరిచేలోపు అందకపోతే, ఆ చోట అలాంటి తెరచాపే ఉన్న, మాంసం తినే ఇంకో జంతువు కోరల ప్లాస్టిక్ బొమ్మ నిలబడుతుంది.

మొదట చేతి అలవాటుకొద్దీ ఊచలన్నీ గొడుగులాగే ఒక్క గుబ్బకు కూర్చింది. దుకాణంలో కూర్చున్న అన్న పడీపడీ నవ్వాడు.

"వానొచ్చినా నీ జంతువు తడవదే చెల్లీ!"

"నవ్వన్నయ్యా, నవ్వు."

అంతా విప్పేసి, ఒక్కో ఊచనూ దాని వెన్నుపూస మీదే నిలబెట్టింది. చర్మంలా మైనపుగుడ్డ లాగి కట్టగానే బొడిపెల దగ్గర పర్రున చిరిగింది.

"వాటిని ఆకురాయితో అరగదీసెయ్. గుడ్డ కింద ఎవడు చూస్తాడు?" అన్నాడు అన్న.

"అరగదీస్తే ఇది వేరే జంతువైపోతుంది. మాంసం తినేదానికీ వీపున తెరచాపుంది, దాని ముళ్లే నున్నగా ఉంటాయి. మన ముక్కు కోసుకుని పక్కింటోళ్ల ముక్కు పెట్టుకుంటామా?"

"నీ ముక్కు పోతే పెద్ద నష్టమేం లేదులే. వదిలెయ్యవే, ప్లాస్టిక్‌దే పెట్టుకుంటారు."

"నేను బతికుండగా పెట్టరు."

ఊచ కొసకు గుడ్డ చిరగకుండా గొడుగులకు తొడిగే తోలు టోపీ గుర్తొచ్చింది. బొడిపె బొడిపెకూ ఒకటి కోయడానికి కూర్చుంది. కాసేపు చూసి అన్న కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"తోలు అలాగా కోసేది? ఇటియ్యి, మొండిఘటమా!"

ఈసారి గుడ్డ నిలిచింది. కింద ప్రతి కణుపూ తెలుస్తోంది.

సోమవారం తలుపులు తీయకముందే వీపును జంతువు మీద నిలిపి మరలు బిగించింది. మ్యూజియం అధికారిణి గుడ్డ మీద చేయి వేసి గట్టిగా నొక్కింది. ఎక్కడా సడలలేదు.

"ఆ బొమ్మని..." అంది, గుమ్మం పక్కనున్న పెట్టె చూపిస్తూ.

"పెట్టెలోనే ఉంచండమ్మా."

మరలు బిగించే పానా ఆవిడ చేతిలో పెట్టి గొడుగులక్క పక్కకు తప్పుకుంది. తలుపులు తెరుచుకున్నాయి.