చూసినవాడు తాగి ఉన్నాడు

ఇన్నేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చూస్తే అది రిపోర్టులో ఒక్క వాక్యం. నా చేత్తో రాసింది కూడా కాదు, డాక్టరు చేత రాయించాను. మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీరెవరో నాకు తెలియదు గనుక. తెలిసినవాళ్ళకి చెబితే వాళ్ళు ఇంకెవరి చెవిన వేస్తారోనని నా భయం. నాది అనుమానపు పుట్టుక లెండి.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తప్పుతాయని అందరూ హడలిపోతున్న రోజులవి. ఆ తప్పులు ముందే దిద్దడం మా పని. మాదాపూర్‌లో ఒకపక్క బండలు పగలగొడుతూనే ఉన్నారు, ఇంకోపక్క మా ఆఫీసు. కాకినాడ నుంచి నేను, చేవెళ్ళ దగ్గరి పల్లె నుంచి యాదగిరి, ఒకే రోజు చేరాం. బోరబండలో ఒకే గది అద్దెకు తీసుకున్నాం. ఇద్దరి ఉద్యోగాలూ ఇంకా ఖాయం కాలేదు. ఇద్దరిలో ఒకరినే ఉంచుతారని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఇప్పుడు గుర్తు కూడా లేదు. నాకది చాలు. అప్పటి నుంచి యాదగిరి నా కంచంలో కాస్త కూర ఎక్కువ వేసినా, ఎందుకు వేశాడా అని వాడి మొహం చూసేవాణ్ణి.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాను. లేచేసరికి ఒళ్ళంతా చితకబాదినట్టుంది. నాలుక పక్కన తెగి, నోరంతా ఉప్పగా రక్తం. కుడి పిడికిట్లో గది తాళాల గుత్తి. నా తల యాదగిరి ఒళ్ళో ఉంది. వాడు ఏడుస్తున్నాడు. ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టాలని వాళ్ళమ్మ చెప్పేదట, అందుకని తాళాలు పెట్టాడు. అరచేతిలో వాటి అచ్చులు సాయంత్రం దాకా పోలేదు.

ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. మా కంపెనీ వాళ్ళు ఉద్యోగుల్ని పంపే డాక్టరే. ఫిట్స్ వచ్చినవాడికి తనకేం జరిగిందో తెలియదు. చూసినవాడు చెప్పిందే డాక్టరుకి ఆధారం. నా తలకి తీగలు అంటించి చేసిన పరీక్షలో ఏమీ తేలలేదు. యాదగిరి మాత్రం కళ్ళు తేలేయడం, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం, నోటి నురగ, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. అంత వివరంగా ఎందుకు చెప్పాలి? నా ఆరోగ్యం కోసమేనా, నా కుర్చీ కోసమా? ‘ఫిట్స్ అయి ఉండవచ్చు’ అని రిపోర్టు వచ్చింది. దాన్ని ఆఫీసులో ఇస్తే తప్ప ఉద్యోగం ఖాయం కాదు, ఇస్తే ఫిట్స్ ఉన్నవాణ్ణి ఉంచుకోరు.

ఒక్కణ్ణే మళ్ళీ వెళ్ళాను, రిపోర్టు దిద్దమని అడగడానికి. ఎండకి కళ్ళు తిరిగాయంతే అన్నాను. నాలుక చాపమంటే, కోత కనపడకుండా కొస మాత్రమే చాపాను. ఆయన ఇంకా నమ్మినట్టు లేడు. అప్పుడన్నాను:

“నా పక్కనున్నతను తాగి ఉన్నాడండీ. వాళ్ళ ఇళ్ళల్లో కల్లు మామూలే కదండీ.”

యాదగిరి ఆ రోజు చాయ్ తప్ప ఏమీ తాగలేదు. అంతకుముందు ఒకసారి వాళ్ళ ఊరు తీసుకెళితే, వాళ్ళ నాన్న ప్రేమగా పోసిన కల్లు కడుపునిండా తాగింది నేను. ఛీ, ఆ మాట నా నోటికి ఎంత తేలిగ్గా వచ్చింది! డాక్టరు పాత వాక్యం కొట్టేసి, ‘చూసినవాడు తాగి ఉన్నాడు, అతని మాట ఆధారం కాదు’ అని రాశాడు.

మేనేజరు అది చదివి, ఎవరా తాగినతను అని అడిగాడు. అక్కడైనా నోరు మూసుకుని ఉండొచ్చు. పేరు చెప్పాను. నెల తిరక్కుండా యాదగిరిని పంపేశారు. వాడికి కారణం చెప్పలేదు.

పెట్టె సర్దుకున్నాక వాడు తాళాల గుత్తి తీసి నా దిండు కింద పెట్టాడు.

“ఇగ నువ్వొక్కనివే పంటవ్ గద రా. మల్ల గట్లయితే ఎవరుంటరు? తాళాలు చేతికాడనే పెట్టుకో. జర పైలం.”

దెప్పాడా? వాడికి తెలిసిపోయిందా? తెలిసే అన్నాడా? ఆ మాటని ఇన్నేళ్ళూ తిరగేసి మరగేసి చూశాను, విషం ఎక్కడుందా అని. దొరకలేదు. దొరికితే ఎంత బాగుండేదో.

తరవాత మళ్ళీ ఫిట్స్ వచ్చింది, ఒంటరిగా ఉన్నప్పుడే. వేరే డాక్టరు దగ్గర మందులు మొదలుపెట్టాను. మొదటిసారి వచ్చినప్పుడు చూసినవాళ్ళెవరని ఆయన అడిగారు. ఎవరూ లేరన్నాను. అంటే వాణ్ణి రెండోసారి చెరిపేశాను.

యాదగిరిని వెతుక్కుంటూ వెళ్ళలేదు. కొడతాడని భయం లేదు. నాకు ఎలా ఉందని అడుగుతాడేమోనని భయం. ఇప్పుడు ఆ రిపోర్టు దిద్దేవాళ్ళు ఎవరూ లేరు, అందుకని మీ ముందు దిద్దుతున్నాను. ఆ మధ్యాహ్నం నాకు ఫిట్స్ వచ్చింది. చూసినవాడు తాగి లేడు.